సగం దాటని ముల్లు

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఒక పాఠకుడు ఐదు పేజీల ఉత్తరం పంపారు. పేరు, ఊరు రాయవద్దన్నారు. సారాంశం ఇది.

ఆయనకు 36 ఏళ్ళు, తండ్రికి 68. తండ్రి మార్కాపురం వైపు ఒక పల్లెలో రైతు. 1980లలో బావి మీద ఆయిల్ ఇంజన్ నడిపిన మనిషి. చుట్టుపక్కల ఎవరి ఇంజన్ మొరాయించినా కబురు ఆయనకే వచ్చేదట. నాలుగేళ్ళ క్రితం కొడుకు అప్పు చేసి ఆయనకు ఒక సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు కొనిచ్చాడు. ఏడాది తిరగకుండానే తండ్రి మెకానిక్ చేత అందులోని థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజన్ నీటి వేడిని అదుపులో ఉంచేది) తీయించారు. "మన ఎండలకు ఇదెందుకు, చలి దేశాల వాళ్ళకు గానీ" అన్నారట. కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరచడానికి రేడియేటర్‌లో పోసే ద్రవం, కొనడం కూడా ఆపేసి ఇంటి బోరు నీళ్ళే పోస్తూ వచ్చారు. కొడుక్కి ఇదంతా తెలుసు, పట్టించుకోలేదు.

మొన్న మే నెలలో తండ్రి, తల్లి, అక్క పిల్లలిద్దరు శ్రీశైలం బయలుదేరారు. దోర్నాల దాటి ఘాట్ ఎక్కేసరికి చీకటి పడుతోంది. ఏసీ వేసే ఉంది. ఇంజన్ వేడి చూపే ముల్లు సగం దాకా వచ్చిందని, కాసేపటికి అదే కిందికి దిగిందని, చల్లబడిందనుకుని తాను ముందుకు పోయానని తండ్రి చెబుతున్నారు. అంతలో బానెట్ కింద నుంచి ఆవిరి. నల్లమల అడవి, ఫోనుకు సిగ్నల్ లేదు, పిల్లలు ఏడుస్తున్నారు. పావుగంట ఆగి, తాగడానికి తెచ్చుకున్న నీళ్ళన్నీ రేడియేటర్‌లో పోసి, మరో 12 కిలోమీటర్లు నడిపి చేరుకున్నారు. తెల్లవారి కారు స్టార్ట్ కాలేదు.

ఒక మెకానిక్ హెడ్ గాస్కెట్ (సిలిండర్ల మీద మూతలా కూర్చునే హెడ్‌కు అడుగున ఉండే పలుచటి పొర) పోయిందని, హెడ్ ఫేసింగ్‌తో, అంటే దాని అడుగును గీకి చదును చేయడంతో, కలిపి 45 వేలు అవుతుందని అన్నాడు. ఇంకొకరు ఆ ఇంజన్ పనికిరాదు, పాత ఇంజన్ ఒకటి తెచ్చి వేస్తాను, లక్షా పదివేలు అన్నారు. ఒక బ్రోకర్ ఉన్నది ఉన్నట్టు లక్షా ఇరవై వేలకు అడుగుతున్నాడు. కొడుకు ఫోనులో తండ్రి మీద అరిచాడు. "ముల్లు ఎర్ర గీత దాకా పోయి ఉంటుంది, మీరు చూసి కూడా నడిపారు, ఇప్పుడు అబద్ధం చెబుతున్నారు" అన్నాడు. అప్పటి నుంచి 40 రోజులుగా తండ్రి మాట్లాడటం లేదు. వేలి ఉంగరం తీసి, "అమ్మి బండికి కట్టమను" అని భార్య చేతికి ఇచ్చారు.

ఆయన ప్రశ్నలు మూడు. నాన్న అబద్ధం చెబుతున్నారా? బండిని ఏం చేయాలి? ఆయనతో మళ్ళీ మాట కలిపేది ఎలా?

* * *

మీరు మొదట అడిగిన దానికే మొదట జవాబు చెబుతాను, మిగిలిన రెండూ దాని మీదే నిలబడి ఉన్నాయి. మీ నాన్నగారు అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. ఆయన చెప్పిన వరస, అంటే ముల్లు సగానికి రావడం, తరవాత దిగడం, ఆ తరవాత ఆవిరి, ఊహించి చెప్పగలిగింది కాదు. నీళ్ళు కోల్పోయిన ఇంజన్ సరిగ్గా అలాగే ప్రవర్తిస్తుంది. అబద్ధం చెప్పదలచుకున్న మనిషి "ముల్లు కదలలేదు" అంటాడు, "దిగింది" అనడు.

ఎందుకో చెబుతాను. డాష్‌బోర్డు మీది ముల్లు ఇంజన్ ఇనుము వేడిని చూపించదు. హెడ్ దగ్గర నీళ్ళు పారే దారిలో ఒక చిన్న సెన్సర్ ఉంటుంది. తనను తాకుతూ పోయే నీటి వేడిని మాత్రమే అది చెబుతుంది. ఏదో ఒక హోస్ పైపు పగిలి నీళ్ళు కారిపోతే సెన్సర్ చుట్టూ మిగిలేది ఆవిరి, గాలి. నీరు అందించినట్టు ఆవిరి వేడిని అందించలేదు. ముల్లు దిగుతుంది. ఇంజన్ అతి ప్రమాదంలో ఉన్న క్షణంలోనే ముల్లు "అంతా బాగుంది" అంటుంది. దీన్ని నమ్మి మోసపోయిన డ్రైవర్లలో వృత్తిగా లారీలు నడిపేవాళ్ళు కూడా ఉన్నారు.

ఇంకో సంగతి. ఈ కాలపు చాలా కార్లలో ఆ ముల్లును కావాలనే మొద్దుగా చేస్తారు. నీళ్ళు 80 డిగ్రీల దగ్గర ఉన్నా, 100 దాటుతున్నా నడిమధ్యనే నిలబడుతుంది. చిన్న చిన్న కదలికలకు కొనుక్కున్నవాళ్ళు కంగారు పడి షోరూముకు పరిగెత్తకుండా చేసిన ఏర్పాటు ఇది. నాకు నచ్చదు. చెప్పాల్సిన కబురును దాచే సాధనం ఎందుకు?

అందుకని, "మీరు అబద్ధం చెప్పారు" అన్న మాట వరకు మీరు వెనక్కి తీసుకోవచ్చు. బండి విషయంలో ఆయన తప్పు ఏమీ లేదని దీని అర్థం కాదు. ఉంది. అయితే ఆ తప్పు మీరు అనుకుంటున్న చోట, అంటే ఆ రాత్రి ఘాట్ మీద, లేదు. మూడేళ్ళ క్రితం వాల్వ్ తీయించిన రోజున ఉంది. ఆ తప్పును అర్థం చేసుకోవాలంటే ఆయన నేర్చుకున్న బడి ఎలాంటిదో చూడాలి.

బావి మీది ఆయిల్ ఇంజన్‌ను మీరు చిన్నప్పుడు చూసే ఉంటారు. పంపు తోడిన నీటిలోంచి ఒక సన్నటి గొట్టం ఇంజన్ జాకెట్‌లోకి వెళుతుంది. చల్లటి నీరు లోపలికి, వేడి నీరు బయటికి, అటునుంచి కాలువలోకి. మళ్ళీ తిరిగి రావడం లేదు. బావిలో నీరున్నంత వరకు కొత్త నీరే. రేడియేటర్ లేదు, ఒత్తిడి మూత లేదు, థర్మోస్టాట్ లేదు. బయటికి వచ్చే నీటి కింద చెయ్యి పెట్టి ఇంజన్ ఆరోగ్యం చెప్పేవారు. మీ నాన్నగారు కూడా అలాగే చెప్పి ఉంటారు. నీరు ఎంత పారితే అంత మంచిది, దారిలో అడ్డేదీ ఉండకూడదు. ఆ ఇంజన్‌కు అది అక్షరాలా సరైన విద్య.

కారు ఇంజన్ బతుకు వేరు. ఉన్న ఐదారు లీటర్ల నీటినే నిమిషానికి ఎన్నోసార్లు తిప్పుకుంటూ బతకాలి. డీజిల్‌లోని శక్తిలో సుమారు మూడో వంతు మాత్రమే చక్రాలకు చేరే పనిగా మారుతుంది. ఇంకో మూడో వంతు సైలెన్సర్ గుండా పోతుంది. మిగిలినదంతా ఇంజన్ గోడల్లో చిక్కుకుంటుంది, దాన్ని బయట పడేయాల్సింది ఆ కాసిని నీళ్ళే. సిలిండర్‌లో మంట లేచిన క్షణాన వాయువుల వేడి 2000 డిగ్రీలు దాటుతుంది. హెడ్ చేసిన అల్యూమినియం 660 డిగ్రీల లోపే కరుగుతుంది. పలకను అటువైపు మంట, ఇటువైపు నీరు తాకుతుంటాయి, నీరు కదలడం ఆగితే హెడ్ నిలవదు.

అలాగని ఎంత చల్లగా ఉంటే అంత మేలా అంటే, అదీ కాదు. ఇక్కడే మీ నాన్నగారి లెక్క తప్పింది. ఇంజన్ మరీ చల్లగా నడిస్తే ఆయిల్ చిక్కగా ఉండి సందుల్లోకి సరిగా పోదు. కాలిన వాయువుల్లోని తేమ సిలిండర్ గోడల మీద మంచులా పట్టి, ఆమ్లంగా మారి లోహాన్ని తింటుంది. డీజిల్ ఎక్కువ తాగుతుంది. ఆయన మైలేజీ తగ్గిందని ఎప్పుడైనా అన్నారేమో గుర్తు చేసుకోండి. నీళ్ళు 80-90 డిగ్రీల మధ్య ఉండటమే ఇంజన్‌కు ఒంటి వేడి. మనకు 37 డిగ్రీలు ఎలాగో దానికి అవి అలాగ.

ఆ వేడిని నిలబెట్టేది థర్మోస్టాట్. చేతిలో ఇమిడే వస్తువు. లోపల ఒక చిన్న గిన్నెలో మైనం ఉంటుంది. నీరు 82 డిగ్రీలకో 88 డిగ్రీలకో చేరగానే (ఆ అంకె దాని మీదే చెక్కి ఉంటుంది) మైనం కరిగి, ఉబ్బి, ఒక కడ్డీని తోస్తుంది. రేడియేటర్ వైపు తలుపు తెరుచుకుంటుంది. కరెంటు అక్కర్లేదు, కంప్యూటర్ అక్కర్లేదు. ఇంత సరళమైన పనిముట్టు బండి మొత్తంలో ఇంకొకటి ఉందా అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

చాలామంది మెకానిక్‌లు కూడా మరిచిపోయేది ఒకటుంది. చాలా ఇంజన్లలో ఆ వాల్వ్‌కు రెండు తలుపులు ఉంటాయి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు నీరు రేడియేటర్‌కు పోకుండా ఇంజన్‌లోనే తిరగడానికి ఒక అడ్డదారి ఉంటుంది, దాన్ని బైపాస్ అంటారు. వేడెక్కాక థర్మోస్టాట్ పై తలుపుతో రేడియేటర్ దారి తెరుస్తూ, కింది తలుపుతో ఆ అడ్డదారిని మూసేస్తుంది. అప్పుడు నీరంతా రేడియేటర్ గుండా పోక తప్పదు. మరి ఆ వాల్వ్‌నే పీకేస్తే? అడ్డదారి ఎప్పటికీ తెరిచే ఉంటుంది. వేడి నీటిలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే తిరిగి ఇంజన్‌లోకి వస్తుంది. మైదానంలో ఖాళీ రోడ్డు మీద ఇది తెలియదు, గాలి బాగా కొడుతుంది గనుక పైగా చల్లగానే ఉంటుంది. ఘాట్ ఎక్కేటప్పుడు, ప్రతి బొట్టూ రేడియేటర్‌కు పోవలసిన సమయంలో, అసలు రంగు బయటపడుతుంది. చల్లదనం కోసం తీసిన వాల్వ్ వల్లే బండి కాగిపోతుంది. మీ కారు ఇంజన్‌లో ఈ ఏర్పాటు ఉందో లేదో మెకానిక్ వాల్వ్ కూర్చునే గూడు చూసి ఒక్క నిమిషంలో చెప్పగలడు. అడగండి.

(ఈ విషయంలో ఒక తప్పుడు వివరణ కూడా తిరుగుతోంది. వాల్వ్ తీసేస్తే నీరు మరీ వేగంగా పరిగెత్తి, రేడియేటర్‌లో చల్లబడటానికి సమయం చాలదని. నమ్మకండి. వేగంగా వెళ్ళిన నీరు వేగంగానే మళ్ళీ వస్తుంది. అసలు దోషం అడ్డదారిలో ఉంది.)

బోరు నీళ్ళ సంగతి మీ ఇంట్లోనే చూడవచ్చు. గీజర్ కాయిల్‌ను విప్పితే తెల్లటి గార కనిపిస్తుంది. అదే గార మూడేళ్ళుగా ఇంజన్ లోపలి గోడల మీద, రేడియేటర్ గొట్టాల్లో పేరుకుంటూ వచ్చింది. ఆ గొట్టాల లోపలి సందు మహా అయితే రెండు మిల్లీమీటర్లు ఉంటుంది. ఆ సున్నపు పొర కన్నా ఇనుము ఇరవై రెట్లకు మించి సులువుగా వేడిని దాటిస్తుంది, అల్యూమినియం ఇంకా ఎక్కువ. అంటే గోరు మందం గార కూడా ఇంజన్‌కు కప్పిన దుప్పటే. బోరు నీటిలోని ఉప్పులు అల్యూమినియాన్ని కొరుక్కు తినడం వేరే సంగతి.

అయితే ఇక్కడ మీ నాన్నగారి వైపు ఒక మాట చెప్పాలి. "నీళ్ళకన్నా బాగా వేడిని లాగేది ఏముంది?" అని ఆయన అని ఉంటే, ఆ మాట నిజం. కూలెంట్‌లోని గ్లైకాల్ కలిస్తే నీరు వేడిని మోసే శక్తి కొంత తగ్గుతుంది, పెరగదు. కూలెంట్ ఎందుకంటే, తుప్పు పట్టనివ్వని మందులు అందులో ఉంటాయి, సగానికి సగం కలిపితే మరిగే స్థానం 107 డిగ్రీల దాకా వెళుతుంది. గడ్డకట్టకుండా ఉండటం అనే మూడో లాభం మార్కాపురంలో మనకు అక్కర్లేదు. ఆయన "చలి దేశాల వాళ్ళకు" అన్నది ఆ మూడో లాభం గురించే. ఒక లాభం మనకు పనికిరాదని చూసి మిగిలిన రెండూ పారేశారు, అంతే.

మరిగే స్థానం అనుకున్నాం కదా, రేడియేటర్ మూతను కూడా మామూలు మూత అనుకోకండి. అది ప్రెషర్ కుక్కర్ మీది వెయిట్ లాంటిది. లోపల ఒత్తిడిని వాతావరణం కన్నా మరో అంత పెంచి పట్టుకుంటుంది, దాంతో మామూలు నీరు కూడా 120 డిగ్రీల దాకా మరగదు. దాని రబ్బరు ఎండిపోతే మళ్ళీ వందకే మరుగు. మూడు నాలుగు వందల రూపాయల వస్తువు. కాగిన ఇంజన్ మీద దాన్ని తెరిస్తే ఒత్తిడి ఒక్కసారిగా పోయి సలసల కాగే నీరు, ఆవిరి మొహం మీదికి లేస్తాయి. ఆ రాత్రి మీ నాన్నగారు పావుగంట ఆగి తెరిచారని రాశారు. పావుగంట చాలదు, అరగంట పైనే ఆగాలి. చేతులు కాలలేదంటే అప్పటికే లోపల నీళ్ళు లేవన్నమాట. ఆయన మాట నిజమనడానికి ఇది ఇంకో సాక్ష్యం.

ఇక మీ ఉత్తరంలో నాలుగో పేజీ. అక్కడ మీరు దాటవేసినట్టు రాసిన రెండు వాక్యాల దగ్గర నేను ఆగిపోయాను. "సంక్రాంతికి నేనే నడిపాను, బాగానే ఉంది. బజారులో ఆగినప్పుడు మాత్రం ఏసీ వేడి గాలి కొట్టింది, గ్యాస్ తగ్గి ఉంటుందనుకున్నాను. డబ్బాలో నీళ్ళు తగ్గితే ఒక సీసా పోశాను."

గ్యాస్ బాగా తగ్గితే ఏసీ పరిగెత్తేటప్పుడు కూడా చల్లగా రాదు. పరిగెత్తేటప్పుడు చల్లగా వచ్చి, ఆగినప్పుడు వేడిగా కొడుతుంటే మొదట అనుమానించవలసింది ముందున్న రేడియేటర్ ఫ్యాన్‌ను. బండి వేగంగా పోతుంటే గాలి దానంతట అదే వస్తుంది, ఫ్యాన్ చచ్చిపోయినా తెలియదు. ఆగినప్పుడు, ఘాట్ మీద రెండో గేరులో పాకుతున్నప్పుడు ఆ ఫ్యానే దిక్కు. ఫ్యాన్ మోటారో, రిలేనో, ఫ్యూజో జనవరిలోనే పోయి ఉండవచ్చు. మూసి ఉన్న వ్యవస్థలో నీళ్ళు తగ్గడం కూడా ఊరికే జరగదు. ఎక్కడో కారుతోందని అర్థం. మే నెలలో పగిలింది పైపే అయితే అది జనవరిలోనే చెమర్చడం మొదలుపెట్టి ఉండవచ్చు.

మిమ్మల్ని దోషిగా నిలబెట్టడానికి ఇది చెప్పడం లేదు. నాకు ఆ అవసరం లేదు, బండి నాది కాదు. ఈ ఇంజన్‌ను ఒక్క మనిషి చంపలేదని చెబుతున్నాను. వాల్వ్ తీసిన చేయి, తీయమన్న నోరు, తీశారని తెలిసి ఊరుకున్న మీరు, బోరు నీళ్ళు, ఫ్యాన్, సంక్రాంతి సీసా, ఘాట్, ఏసీ, చీకటి అన్నీ కలిశాయి. ఇందులో మీ వాటా ఉందని మీ నాన్నగారికి ఇప్పటి వరకు తెలియదు. మీకూ తెలియదు, ఈ వాక్యం చదివే వరకు.

ఆ చివరి 12 కిలోమీటర్ల సంగతి కూడా తేల్చేస్తాను. ఇంజన్ మాట అడిగితే, ఆవిరి చూశాక ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు. కాగి ఉన్న హెడ్ మీద చల్లటి నీళ్ళు పోయడం ఇంకా తప్పు, బీటలు వారుతుంది. సిలిండర్లున్న బ్లాకు పోత ఇనుముదై, హెడ్ అల్యూమినియందైతే, ఒకే వేడికి హెడ్ దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. బోల్టులు పట్టి ఉంచుతాయి గనుక అది పక్కకు పోలేక వంగుతుంది, మధ్యలోని గాస్కెట్ నలిగి పోతుంది. మీ బండికి జరిగింది బహుశా ఇదే. మనుషుల మాట అడిగితే, చీకట్లో, అడవిలో, ఇద్దరు పిల్లలతో, ఫోను పలకని చోట నేనైతే ఏం చేసేవాడినో ఇక్కడ కుర్చీలో కూర్చుని చెప్పలేను. మీరూ ఫోనులో చెప్పగలిగి ఉండకూడదు.

ఇప్పుడు బండి. ముగ్గురు మూడు అంకెలు చెప్పారు గానీ ముగ్గురిలో ఒక్కరూ హెడ్ విప్పి చూడలేదు. మీ ఉత్తరాన్ని బట్టి నాకు అర్థమైంది అదే. కాబట్టి మూడు దారుల్లో ఏది అని ఇప్పుడే అడగడం తొందర. ముందుగా ఇంజన్‌ను మళ్ళీ స్టార్ట్ చేయించే ప్రయత్నాలు మాన్పించండి. సిలిండర్‌లోకి నీళ్ళు దిగి ఉంటే సెల్ఫ్ కొట్టినప్పుడు కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఉన్న నష్టం రెండింతలవుతుంది. ఆయిల్ పుల్ల తీసి చూడమనండి, పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్ళు ఆయిల్‌లో కలిశాయి. తరవాత చేత్తో ఇంజన్ తిప్పి చూడాలి, తిరగకపోతే పిస్టన్లు పట్టేసి ఉండవచ్చు. తిరిగితే, "హెడ్ విప్పడం వరకు కూలీ ఇస్తాను, మిగతాది చూశాక మాట్లాడదాం" అని మెకానిక్‌తో ముందే ఒప్పందం చేసుకోండి. ఒప్పుకోనివాడి దగ్గర పెట్టకండి.

హెడ్ లేచాక చూడవలసిన మొదటి చోటు హెడ్ కాదు, సిలిండర్ గోడలు. నున్నగా ఉంటే 45 వేల దారి బతికే ఉంది. నిలువు గీతలు పడి ఉంటే హెడ్ మీద పెట్టే ప్రతి రూపాయీ బూడిదలో పోసిన పన్నీరు. గోడలు బాగుంటే హెడ్‌ను లేత్ షాపుకు పంపి, వంకర ఎంతో కొలిపించి, పగుళ్ళకు ఒత్తిడి పరీక్ష చేయించాలి. ఒక మిల్లీమీటరులో పదో వంతు వంకర కూడా చాలా ఇంజన్లకు ఎక్కువే. డీజిల్ హెడ్‌ను ఇష్టం వచ్చినట్టు గీకించకూడదు. లోహం తగ్గితే వాల్వులు పిస్టన్లకు దగ్గరవుతాయి. కొన్ని కంపెనీలు తమ డీజిల్ హెడ్లను అసలు ఫేసింగ్ చేయవద్దనే చెబుతాయి, అలాంటప్పుడు హెడ్ మార్చడమే. గాస్కెట్లు కూడా రెండు మూడు మందాల్లో వస్తాయి, అంచున ఉన్న గాట్లను బట్టి సరైనది ఎంచుకోవాలి. వీటిలో ఏ ప్రశ్నకూ జవాబు చెప్పకుండా "నేను చూసుకుంటా సార్" అనే మెకానిక్‌ను మర్యాదగా వదిలేయండి.

ఈ దారిలో ఉన్న గోతి ఏమిటంటే, హెడ్ బాగు చేయించి మిగతాది వదిలేస్తే ఆరు నెలల్లో మళ్ళీ అదే ఘాట్ మీద అదే ఆవిరి. కొత్త థర్మోస్టాట్, మూత, హోస్ పైపులు, ఫ్యాన్ మరమ్మతు, రేడియేటర్ శుభ్రం లేదా కొత్తది, వాటర్ పంపు పరీక్ష, కంపెనీ చెప్పిన కూలెంట్ కూడా 45 వేలలో ఉన్నాయా అని అడగండి. బహుశా ఉండవు. అసలు ఖర్చు ఆ అంకెకన్నా పెద్దదని ముందే మనసులో పెట్టుకోండి. గాఢమైన కూలెంట్ కొంటే డిస్టిల్డ్ వాటర్ కలపండి, బోరు నీరు మాత్రం వద్దు. కూలెంట్ తియ్యగా ఉండే విషం, డబ్బా పిల్లలకు, కుక్కలకు అందకూడదు.

పాత ఇంజన్ తెచ్చి వేయడంలో వేగం ఉంది. దాని పూర్వజన్మ ఎవరికీ తెలియదు, అదే చిక్కు. ఎవరి నాన్న ఏ నీళ్ళు పోశారో ఎవరు చెబుతారు? ఈ దారిన పోతే ఇంజన్‌కు బిల్లు అడగండి, నంబరు సరిచూడండి, ఆర్టీవో ఆఫీసులో తెలిపి ఆర్‌సీలో కొత్త నంబరు రాయించండి. లేకపోతే రేపు ప్రమాదం జరిగినా, బండి అమ్మినా మెడకు చుట్టుకుంటుంది. పాత బండి నుంచి మిగిలిన రేడియేటర్, ఫ్యాన్ అలాగే ఉంటాయని, వాటిని బాగు చేయకపోతే కొత్త ఇంజన్‌కూ అదే గతి అని మరిచిపోవద్దు.

అమ్మేయడం తప్పేమీ కాదు. సిలిండర్ గోడలు పోయి ఉంటే బహుశా లెక్కకు అదే సరైనది. కానీ 40 రోజుల మౌనం మధ్యలో అమ్మితే, ఆయన దాన్ని తనకు పడిన శిక్షగా తీసుకుంటారు. మాట కలిశాక, ఇద్దరూ కలిసి ఆ నిర్ణయానికి వస్తే అదే అమ్మకం వేరుగా ఉంటుంది. మామూలు బీమా మీద ఆశ పెట్టుకోకండి, ఇలాంటి యాంత్రిక లోపాలకు అది డబ్బివ్వదు.

మీ నాన్నగారితో మాట కలపడం ఫోనులో కుదరదు. ఫోనులోనే కదా తెగింది. క్షమించమని ఫోను చేస్తే ఆయన "సరేలే" అని పెట్టేస్తారు, ఉంగరం మీ అమ్మగారి దగ్గరే ఉండిపోతుంది. ఒక శనివారం వెళ్ళండి. వెళ్ళి వాల్వ్ గురించి పాఠం మొదలుపెడితే మాత్రం వెళ్ళకపోవడమే నయం. ఆయన చేత్తో ముట్టి నేర్చుకున్నవాడు, మీరు చదివి చెబుతున్నారు, వినరు. మొదట సంక్రాంతి సంగతి చెప్పండి. ఏసీ, ఫ్యాన్, సీసా నీళ్ళు. ఆ తరవాత ముల్లు ఎందుకు దిగిందో చెప్పండి. ఈ వరసే ముఖ్యం. ముల్లు సంగతి ముందు చెబితే మీరు తీర్పు మార్చిన జడ్జి అవుతారు. మీ తప్పు ముందు చెబితే ఇద్దరూ ఒకే బోనులో ఉంటారు, అక్కడ మాట్లాడుకోవడం సులువు.

ఉంగరం విషయంలో రెండు దారులూ ఇబ్బందిగానే ఉన్నాయి. వద్దని తిప్పికొడితే ఆయన ఇచ్చినదానికి విలువ లేదన్నట్టు అవుతుంది. తీసుకుంటే మీ అమ్మగారు మిమ్మల్ని క్షమించరు. నేనైతే ఉంగరం ఆయన వేలికే తొడిగి, "హెడ్ ఖర్చు నాది, రేడియేటరు, కూలెంటు మీవి" అని పంచుకుంటాను. ఆ రెంటికీ ఆయన చేతిలో ఉండే డబ్బు సరిపోవచ్చు, మూడేళ్ళు కొనని కూలెంట్‌ను ఆయనే కొన్నట్టూ అవుతుంది. మీ ఇంటి లెక్కలు మీకే బాగా తెలుసు, పంపకం మీ ఇష్టం. హెడ్ విప్పే రోజున మాత్రం ఆయన్ను మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి. సిలిండర్ గోడల మీద గీతలు ఉన్నాయో లేవో మీకన్నా ఆయన వేళ్ళకే ముందు తెలుస్తుంది. వెళ్ళనంటే బలవంతం చేయకండి, విప్పిన హెడ్‌ను ఇంటికి తెచ్చి వరండాలో పెట్టండి. దాన్ని తిప్పి చూడకుండా ఉండటం ఆయన వల్ల కాదు.

వాల్వ్ సంగతి చివరికి వదిలేయండి. కొత్త థర్మోస్టాట్ కొన్నాక దాన్ని బండికి బిగించకముందు ఇంటికి పట్టుకెళ్ళండి. ఒక పాత గిన్నెలో నీళ్ళు పోసి, దారం కట్టి, అడుగు తాకకుండా వేలాడదీసి, పొయ్యి మీద పెట్టండి. పక్కన వంద డిగ్రీల థర్మామీటర్ ఒకటి. మెకానిక్‌లు కొత్త వాల్వ్‌ను పరీక్షించే పద్ధతి ఇదే, కాబట్టి "బిగించే ముందు పనిచేస్తుందో లేదో చూడండి నాన్నా" అని ఆయన చేతికే దారం ఇవ్వవచ్చు. మొదట ఏమీ జరగదు. నీళ్ళలో బుడగలు మొదలై, థర్మామీటర్ వాల్వ్ మీద చెక్కిన అంకె దగ్గరికి వచ్చేసరికి ఇత్తడి తలుపు వెంట్రుకవాసి కదులుతుంది, తరవాత మెల్లగా విచ్చుకుంటుంది. కింది తలుపు ఉంటే అది కూడా కదలడం ఆయన గమనిస్తారు. అది దేన్ని మూస్తుందని అడుగుతారు. అప్పుడు చెప్పండి.

ఆ గిన్నె మాత్రం పాతదే తీసుకోండి, పాల గిన్నె తీస్తే మీ అమ్మగారితో ఇంకో ఉత్తరం రాయవలసి వస్తుంది.